దుబాసీ ఎంచుకున్న మాట

పేర్ణాంబట్టు తోళ్ల కార్ఖానా నుంచి పారిపోయినందుకు మునియప్పన్‌ను గుడియాత్తం కచ్చేరీలో నిలబెట్టిన రోజు, మేజిస్ట్రేటు దొరకూ అతనికీ నడుమ నిలబడ్డవాడు చెంగల్రాయలు. ఆయన దుబాసీ. గుడియాత్తం నేతవాళ్ల ఇంట పుట్టి, వేలూరు మిషన్ బడిలో ఇంగ్లీషు నేర్చి, సాక్షుల తెలుగునూ అరవాన్నీ దొరల చెవికెక్కిస్తూ బతికే మనిషి. మొదటి జర్మనీ యుద్ధానికి ముందు మాట ఇది.

బయానా పుచ్చుకున్న కూలివాడు పని వదిలి వెళ్తే నేరస్థుడు. ఆనాటి చట్టం అది. కూలివాణ్ని కొట్టినవాడి మీద మాత్రం ఎవరూ కేసు పెట్టరు. అయితే తగిన కారణం చూపించుకుంటే కూలివాణ్ని విడిచిపెట్టవచ్చునని అందులోనే ఒక సందు ఉంది. మునియప్పన్ ఆ సందునే నమ్ముకున్నాడు. మేస్త్రీ శివప్రకాశం తనను సున్నపు తొట్ల దగ్గర తోలు వారుతో కొట్టేవాడని చెప్పుకున్నాడు. ఒకటీ అరా దెబ్బ ఏ పనిలోనైనా మామూలేనన్నాడు మేస్త్రీ తరఫు వకీలు. వీపు మీద వాతలైతే ఉన్నాయి గాని, అవి ఒక్కనాటివో నిత్యం పడేవో వాతలు చెప్పవు కదా. అది చెప్పగలిగింది అదే కార్ఖానాలో తోళ్ల మీది వెంట్రుకలు గీకే అతని భార్య పాపాతి ఒక్కతే.

మేస్త్రీ నీ మొగుణ్ని ఎంత తరచుగా కొట్టేవాడని దొర అడిగించాడు. పాపాతి మేస్త్రీ వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు.

“ఎప్పుడన్నా ఒగ తూరి, సామీ.”

చెంగల్రాయలు తగిన ఇంగ్లీషు మాట వెతుక్కున్నాడు. బడిలో నేర్పిన మెట్లు ఆయన కళ్లముందున్నాయి. పై మెట్టు ఆల్వేస్, కింద ఆఫెన్, ఆ కింద సంటైమ్స్, సెల్డమ్, అట్టడుగున నెవర్. ఏ తెలుగు మాటను ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో తనకు తెలిసినట్టు జిల్లాలో మరొకరికి తెలియదని ఆయనకు కాస్త గర్వం కూడా. ఆమె అన్నది సెల్డమ్, ఎంతో అరుదుగా అని. కాని ఆ వీపు సెల్డమ్ వీపు కాదు. పోనీ ఆల్వేస్ అందామంటే, ఉన్నదున్నట్టు చెబుతానని ప్రమాణం చేసి ఆ కొలువులో చేరినవాడు.

“ఏమి దుబాసీ, కూలిదాని మాటకు గూడా నిఘంటువు కావల్నా?” అని కచ్చేరీ గుమాస్తా లోగొంతుకతో ఎకసెక్కమాడాడు.

“సంటైమ్స్,” అన్నాడు చెంగల్రాయలు. ఒక మెట్టు పైకెక్కించాను, ఆ బీదవాడికి నా చేతనైన మేలు చేశాననుకున్నాడు.

దొర ఆ మాటే రాసుకున్నాడు. అప్పుడప్పుడూ పడే దెబ్బ పని వదలడానికి తగిన కారణం కాదని తేల్చాడు. తిరిగి పనిలో చేరతావా, జైలుకు వెళ్తావా అని అడిగించాడు.

“జైలుకే పోతాను సామీ. ఆడికి మాత్రం పోను,” అన్నాడు మునియప్పన్.

దాన్ని ఇంగ్లీషు చెయ్యడానికి ఏ మెట్టూ వెతుక్కోనక్కరలేకపోయింది. 

కాసేపటికి ఆయన బయటికి వచ్చేసరికి పాపాతి గోడవార కూర్చుని ఉంది. మేస్త్రీకి భయపడి అబద్ధమాడిందని ఆయనకు కోపం.

“ఏమ్మా, దినామూ కొడతాడని ఒక్క మాట చెప్పింటే విడిచిపెట్టేవాళ్లు గదా?”

“ఎట్ల చెప్పేది సామీ? చెడ్డదాన్ని పట్టుకోని ‘ఎప్పుడూ’ అంటే అది ఎప్పటికీ నిలిచిపోదా? మా ఇంట్లో ఎవురూ అట్ల అనరు.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “మీరు మన మాటోళ్లు, మీకు తెలీదా? మీరన్నా ఇంగిలీసులో ‘ఎప్పుడూ’ అని చెప్పుంటే ఆ చెడు మాకు తగిలేది గాదు గదా, నాయనా.”

ఆయనకు తెలుసు. మగ్గం మీద పోగు కనబడనంతగా చూపు పోయిన తన తల్లి సరసమ్మ కూడా, ఎట్లుందని అడిగితే, ఎప్పుడన్నా మసకగా ఉంటాదనే అంటుంది. ఆ మాటను ఆయన ఒక్కనాడూ సంటైమ్స్ అని అర్థం చేసుకోలేదు.

చెంగల్రాయలు గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లాడు. తాను మాట తప్పుగా అందించానని, సాక్షి అన్నదానికి ఆల్వేస్ అనే అర్థమని దొరతో విన్నవించుకున్నాడు. నువ్విప్పుడు చెబుతున్న ఆ మాట సాక్షి నోట వచ్చిందా అని దొర అడిగాడు. రాలేదన్నాడు. అయితే నీ పని నువ్వు సరిగ్గానే చేశావని దొర మెచ్చుకుని, తరువాతి కేసు పిలవమన్నాడు.

మునియప్పన్‌ను వేలూరికి, తొరపాడి జైలుకు నడిపించుకుపోయారు.

ఆ తరువాత ఏ కూలి కేసు వచ్చినా చెంగల్రాయలు సాక్షిని ఒక ప్రశ్న అదనంగా అడగడం మొదలుపెట్టాడు: కొట్టని దినం యాదికి ఉండాదా? జనం ఆలోచించి ఆలోచించి, ‘ఎప్పుడూ’ అన్న మాట పలకకుండానే, అట్లాంటి దినం లేదనేవారు. వకీళ్లు ఆక్షేపించారు. దుబాసీ పని చెప్పడమే గాని అడగడం కాదని మందలించి, ఏడాది తిరక్కుండా ఆయన్ను కొలువులోంచి తీసేశారు. పాపాతి అప్పటికింకా ఆ కార్ఖానాలోనే వెంట్రుకలు గీకుతూ ఉంది.