నాలుగో మడిలో పెరుగన్నం

ఉదయలక్ష్మి ఆస్ట్రేలియాలోని గ్లాడ్‌స్టన్‌లో పాతికేళ్ళు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసిన మనిషి. భర్త రామచంద్ర పోయాక ఉద్యోగం మానేసి, నాలుగు నెలలు ఇంట్లో గోడలతో మాట్లాడింది. గోడలు ఊఁ కొట్టవు కదా, పాపం! అందుకే యూనివర్సిటీవాళ్ళు ఎర్రబురద దగ్గర పనికి మనిషి కావాలనగానే ఎగిరి గంతేసింది.

బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే బురద అది. ఒట్టి క్షారం. చేతికి తగిలితే చర్మం మండుతుంది, గడ్డిపోచ మొలవదు. దాన్ని సూక్ష్మజీవులతో బాగుచేసి తీరాలని దీక్షిత్ పంతం. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆ కుర్రవాడే ఈ ప్రాజెక్టుకి పెద్ద. ఎనిమిది మడులు కట్టించి, ఏడింటిలో చెరుకు పిప్పి, సూక్ష్మజీవులు కలిపించాడు. అవి పిప్పిని తిని పులియబెడితే పుట్టే ఆమ్లం క్షారాన్ని విరుస్తుంది. నాలుగో మడిలో మాత్రం ఎవరూ ఏమీ వెయ్యకూడదు. అది అలా చచ్చి పడుంటేనే మిగతా ఏడూ మందుతో బతికాయని రుజువు.

ఆ మడే ఎదురు తిరిగింది.

"ఆంటీ, నాలుగో దాంట్ల గూడ పీహెచ్ పన్నెండు నుంచి తొమ్మిదికొచ్చింది," అన్నాడు దీక్షిత్ బుధవారం పొద్దున, మొహం వేలాడేసుకుని. "ఏమెయ్యకుండనే బాగైతుంటే ఇగ మీరెందుకు అంటది అల్యూమినా కంపెనీ. ఫ్రైడే మీటింగ్‌ల ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తరు."

మధ్యాహ్నం ఆమె ఎప్పటిలాగే షెడ్డు నీడలో ఒంటరిగా కూర్చుని తిన్నది. కుళాయి కింద డబ్బా కడిగి, మిగిలిన పెరుగన్నాన్ని ఆ నీళ్ళతో సహా పక్కనే ఉన్న మడి మూలకి విసరబోయి, ఠక్కున ఆగిపోయింది.

అది నాలుగో మడి. నమూనాకి మట్టి తీసేదీ ఆ మూలనుంచే, దగ్గరని!

"ఓసి నా మొహం మండ!" అనుకుంది.

అన్నం చెత్తబుట్టలో వెయ్యడానికి ఆమెకి చేతులు రావు. మట్టిలో వేస్తే పిట్టో చీమో తింటుందని చిన్నప్పటినుంచీ అలవాటు. ఎర్రబురద మీద పిట్ట వాలదు, చీమ పాకదు. అయినా చెయ్యి తన అలవాటు మానలేదు. పెరుగులో ఏ సూక్ష్మజీవులుంటాయో ఆమెకి తెలియదా? పాతికేళ్ళు ల్యాబ్‌లో చూసింది అవే కదా!

చెబితే పని పోతుంది. సైట్‌లో తిండి పారబోయడం అక్కడ పెద్ద తప్పు. పని పోతే మళ్ళీ ఆ గోడలే. భయంతో రెండు రోజులు నోరు విప్పలేదు. శుక్రవారం మీటింగ్‌కి గంట ముందు వెళ్ళి చెప్పేసింది.

దీక్షిత్ నెత్తి పట్టుకున్నాడు. "ఆంటీ! మీరు గూడ ఇట్ల జేస్తే ఎట్ల!" పరుగున వెళ్ళి మడి మధ్యనుంచి మట్టి తెచ్చి చూశాడు. పన్నెండు. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని, ఆమె మొహం చూడలేక కాగితం తీశాడు.

"ప్రాజెక్ట్ బతికింది. కానీ మిమ్మల్ని ఇగ సైట్‌లకు రానియ్యరు ఆంటీ. సారీ. రిపోర్ట్ రాయాలె. రోజుకెంత ఏసిన్రు?"

"గుప్పెడు. ఒక్కోసారి రెండు."

"ఎన్ని దినాలు?"

"పద్నాలుగు నెలలు. వచ్చిన ప్రతిరోజూ."

"రోజు ఎందుకు మిగుల్తది? తక్కువ తెచ్చుకోవచ్చు గద!"



"ఇంకా ఇద్దరికే వండుతున్నాను నాయనా. గ్లాసు బియ్యం తగ్గించడం నావల్ల కావట్లేదు."

కారణం రాయాల్సిన గడిని దీక్షిత్ ఖాళీగా వదిలేశాడు.

సోమవారం ఆమె అదే గ్లాసుతో బియ్యం కొలిచి వండింది. మధ్యాహ్నం మిగిలిన పెరుగన్నం పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. నిండా పచ్చగడ్డి. ఈ మట్టికి ఆమె అన్నంతో పనిలేదు. గిన్నె పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.