పేజీ తిప్పే ముందు

మేలూరులో ఉండే మా పెద్దమ్మ తమిళ బొమ్మల పుస్తకాలు చదువుతూ, కథను మాత్రం మా ఇంటి తెలుగులో చెప్పేది. పేజీ తిప్పే ముందు ఎడమవైపు వంగి, "తిప్పేదా కణ్ణు?" అని ముద్దుగా, మెల్లగా అడిగి కాసేపు ఆగేది. చిన్నప్పుడు మమ్మల్నే అడుగుతోంది అనుకునేదాన్ని. కానీ పిల్లలందరమూ కూర్చునేది ఆమెకు కుడివైపునే.

నిరుటి వేసవి సెలవుల్లో మా అక్కచెల్లెళ్ల పిల్లలంతా ఆ ఇంట్లో చేరారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏనుగు కథ నడుస్తోంది. ఆగలేక మా నాలుగేళ్ల పాప తనే పేజీ తిప్పబోయింది. పెద్దమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"ఉండు పాపా, అది ఇంకా చూడలే."

"ఎవురు అవ్వా?"

"నా కూతురు."

ఆ కూతురు బడి ముఖం చూడకముందే జ్వరంతో పోయింది. ఆ సంగతి పిల్లలకు మేమెవరమూ చెప్పలేదు. నాకు భయం వేసి, పాపను తీసుకుపోదామని లేచాను. అంతలో అది పెద్దమ్మ ఒడి మీదుగా వంగి, అటువైపు ఖాళీ చాపను చూసింది.

"అవ్వా, అక్క నిద్రపోయిందే!"

పెద్దమ్మ ముఖం తేటపడింది. "పోనీలే. ఎన్నో ఏండ్లుగా మేలుకొనే ఉండె" అంది. కథ సగంలోనే పుస్తకం మూసి, పాత చీర తెచ్చి ఆ చాప మీద కప్పింది.

"సత్తం లేకుండా బయటికి పోయి ఆడుకోండి."

పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఆ చీరను తొక్కకుండా పక్కగా తిరిగి వాకిట్లోకి వెళ్లారు. నేనూ అలాగే వెళ్లాను.