చీటీ మీద దగ్గు

మొయినాబాద్‌లో ఓ ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లి, రెండు వారాలుగా దగ్గు అని చెప్పగానే కాంపౌండర్ నన్ను బయట మెట్ల మీద కూర్చోమన్నాడు. గంట గడిచినా పిలవలేదు. టీబీ ఏమోనన్న భయం కంటే ఆ మెట్లే ఎక్కువ మంట పుట్టించాయి. లేచి చేవెళ్ల బస్సెక్కాను. చున్నీ అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే పక్కనున్నావిడ లేచి వెళ్లిపోయింది.

ఆ సీట్లో ఇంకొకామె వచ్చి కూర్చుంది. అజీజ్‌నగర్‌లో ఏదో ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుందట. కిటికీ అద్దం పూర్తిగా జరిపి, కొంగు మూతికి చుట్టుకుని, "దవాఖానకు పోయినవా బిడ్డా?" అంది.

"పోయిన అక్కా. దగ్గని చెప్తే బయట కూసోబెట్టిండ్రు. ఈసారి జరమని చెప్త."

"నేను గట్లనే చెప్పిన. పని పోతదని దగ్గు దాచి జరమన్న. రెండు నెలలు జరం గోలీలే మింగిన. గంతల నా టీబీ కోడలికి అంటింది. ఆర్నెల్లు మందులు వాడి ఇద్దరం బాగైనం. సర్కారు దవాఖానకు పో, చీటీ మీద దగ్గనే రాయించుకో. మెల్లగ చెప్పనీకి నువ్వేమన్న దొంగతనం చేసినవా?"

ఆమె పేరు అడగనేలేదు. చేవెళ్లలో దిగి నేరుగా దవాఖానలో చీటీలు రాసే కిటికీ దగ్గరికి వెళ్లాను.

"ఏం తకలీఫ్?" అన్నాడు లోపలున్నాయన.

"దగ్గు. రెండు వారాలాయె. దగ్గనే రాయుండ్రి" అన్నాను, అందరికీ వినపడేలా.

వరుసలో నా వెనకున్నవాళ్లు దూరం జరిగారు. చీటీ మీద ఆ మాట పడేదాకా నేను మాత్రం కదల్లేదు.