పూజలో పెట్టిన పాస్‌వర్డ్

కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తెలివి దానంతటదే వస్తుందని ఊరంతా నమ్మిన రోజులవి. ఊరితోపాటు నేనూ నమ్మాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హోసూరులోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో భద్రత పాఠాలు చెప్పేవాణ్ణి. మా పాఠాల కోసం నెట్‌లో ఒక ఉత్తుత్తి బ్యాంకు ఉండేది. పిల్లలు దాని తాళాలు పగలగొట్టి, ఎందుకు పగిలాయో తెలుసుకుని, మళ్లీ గట్టిగా బిగించాలి. (అసలు బ్యాంకుల వాళ్లు కంగారు పడనక్కరలేదు.) ఆ ల్యాబ్ మొత్తాన్నీ నడిపే పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. దాన్ని కాగితం మీద రాయడం మహాపాపమని రోజూ ఊదరగొట్టేవాణ్ణి.

ఆయుధపూజ వచ్చింది. ఓనరు ఊళ్లో లేడు, సెంటర్‌లో పూజ మేమే పెట్టుకున్నాం. డ్రైవరు వ్యాను తాళంచెవి పెట్టాడు, ఎలక్ట్రీషియను కటింగ్ ప్లేయర్ పెట్టాడు. నా ఆయుధమేది? బాగా ఆలోచించి, పాస్‌వర్డ్‌ను తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, నాలుగు మూలలా పసుపు పూసి, అమ్మవారి పటానికి ఆనించాను. బొరుగుల ప్రసాదానికి వచ్చిన వీధి వీధంతా దానికి దండం పెట్టుకుంది.

మరునాడు ల్యాబ్ నాకే తెరుచుకోలేదు. ఓనరు గుడ్లురిమాడు. "ఎవరప్పా చేసింది?"

"ఆ కృష్ణగిరి పాపే సార్. అంత తెలివి ఆయమ్మకే ఉండేది" అన్నాను. (మామిడి మండీ ఆయన కూతురు. క్లాసులో అందరికంటే ముందుండేది.)

ఆమె దాచలేదు. "నేనే మార్చినాను సార్. పాస్‌వర్డ్ బయటపడింటే అట్లే వదిలేదెట్లా?"

"యాడ చూసినావమ్మా?" అన్నాడు ఓనరు.

ఆమె నావైపు ఒక్కసారి చూసింది. "గ్యాపకం లేదు సార్."

"వారం దినాలు ఈ పక్కకు రావద్దు. ఇంకోసారైతే పేరు కొట్టేస్తా" అన్నాడు ఓనరు. నేను గోడ క్యాలెండర్‌ను శ్రద్ధగా చదువుతూ నిలబడ్డాను.

మెట్ల దగ్గర ఆమెను అందుకుని, "ఎందుకమ్మా చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే మీ పని పోతుంది సార్. నాకు పోయేది వారమే. మాకు అర్థమయ్యేటట్ల చెప్పేది మీరొక్కరే కదా." కొత్త పాస్‌వర్డ్ మెల్లగా చెప్పి, "దీన్నన్నా రాసుకోవద్దండి సార్" అని బస్సెక్కింది.

ఈ రోజు నేను తినే అన్నం ఆ అమ్మాయి మౌనం పెట్టిందే. ఊరు మాత్రం ఆమెకు 'హ్యాకరమ్మ' అని పేరు పెట్టింది. ఆ నింద తుడవాలనే ఇది రాస్తున్నాను. ముందుగా చెప్పడం మర్యాదని మొన్న ఫోన్ చేశాను.

"వద్దు సార్!" అంది కంగారుగా. ఇప్పుడామెది కృష్ణగిరిలో సొంత కంప్యూటర్ సెంటర్. "హ్యాకరమ్మ చెప్తుందనే నా కాడికి ఇంతమంది పిల్లోళ్లు వస్తా ఉండారు. ఉన్న పేరు చెడగొట్టద్దండి!"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అయినా రాసేశాను. ఆ రోజు క్యాలెండర్ చదివిన కుర్రాడి మీద నాకింకా కోపమే. కాకపోతే, ఇప్పుడు తిట్టబోతే నవ్వొస్తోంది.