గుంటపడ్డ రాగి

చెన్నరాయప్పకు కనుబొమలు లేవు. ముళబాగిలు దగ్గరి ఊరి నుంచి బెంగళూరు వచ్చిన ఏడాదే కొలిమి సెగకు మాడిపోయాయి. "నా మొగుడు కోపంగా ఉండాడో నవ్వుతా ఉండాడో నాకే తెలీదు" అనేది అతని భార్య కెంపమ్మ.

1943లో అతను బళేపేట వెనక సందులో అశ్వత్థప్ప సావుకారు కొలిమిలో పనిచేసేవాడు. యుద్ధానికి రాగి కావాలి. పాత బిందెలు, తెగిన తీగలు కరిగించి కడ్డీలు పోసేవాళ్లు. కరిగిన రాగి గాలిలోని ఆక్సిజన్‌ను తాగేస్తుంది. అది ఎక్కువైతే కడ్డీ సుత్తి కింద పగులుతుంది. కొలిచే యంత్రం అక్కడ లేదు. చెన్నరాయప్ప గరిటెడు రాగి చిన్న అచ్చులో పోసేవాడు. చల్లారాక నడుమ గుంటపడితే ఆక్సిజన్ ఇంకా ఉన్నట్టే. అప్పుడు పచ్చి నీలగిరి వాసాలను రాగిలోకి దూర్చేవాళ్లు. పచ్చికట్టె పొగ ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అచ్చులో రాగి చదునుగా నిలిస్తే కడ్డీలు పోయవచ్చు.

వాసం దూర్చినప్పుడల్లా రాగి చిమ్ముతుంది. చేతులకు తోలు తొడుగులు అడిగితే సావుకారు గోనెపట్టాలు ఇచ్చాడు. వాసాలు అందించే పిల్లమ్మ మోచేయి ఆ గోనెలోంచే కాలింది. కట్టుతో పనికి వస్తే, ఒంటిచేతి మనిషి నాకెందుకని గేటు దగ్గరే తిప్పి పంపాడు.

మర్నాడు రాగి కరిగింది. అచ్చులో గుంట లోతుగా పడింది. వాసం ఎత్తబోయిన తోటి పనివాడు కృష్ణప్పను చెన్నరాయప్ప ఆపాడు.

"దించప్పా."

అందరూ దించారు. సావుకారు పరుగున వచ్చాడు.

"రాగి ఉడుకుతా ఉంటే వేడుక చూస్తాండారా?"

"పిల్లమ్మ పనికి రావల్ల. అందరికీ తోలు తొడుగులు రావల్ల. అంతదాకా వాసం దూర్చం."

"అట్లే పోసేయండి. గుంట సంగతి నేను చూసుకుంటా."

"మీరు చూస్తే పూడిపోతాదా సావుకారూ?"

ఎవరో నవ్వారు. సావుకారు మొహం ఎర్రబడింది. "నువ్వు బయటికి నడువు" అని, కృష్ణప్ప వైపు తిరిగాడు. "నువ్వు చూసి చెప్పప్పా, పోయొచ్చునా? రేపట్నుంచి ఈ పని నీదే."

కృష్ణప్ప గరిటె తీసుకున్నాడు. అచ్చులో పోసి, చల్లారేదాకా కూర్చున్నాడు. గేటు దాకా వెళ్లిన చెన్నరాయప్ప అక్కడే నిలబడిపోయాడు. పనివాళ్లెవరూ కదల్లేదు.

"ఇందాకటికన్నా లోతుగా ఉండాది" అన్నాడు కృష్ణప్ప. "ఊరికే నిలబెడితే ఇంకా గాలి తాగింది. చెన్నరాయన్నా, యాడికి పోతాండావు? ఈ పని నాకొద్దు. రా."

లోపల బొగ్గు వృథాగా కాలుతోంది. కడ్డీల కోసం సాయంత్రం లారీ వస్తుంది. యుద్ధం పేరు చెప్పి జనం చేత గొడ్డుచాకిరీ చేయించుకునేవాడికి ఆ పూట అదే యుద్ధం ఉరితాడైంది. తోలు అంగడికి ఒక మనిషిని, పిల్లమ్మ ఇంటికి ఒక మనిషిని పంపాడు.

పిల్లమ్మ వచ్చి వాసాల కుప్ప మీద కూర్చుంది. "చెయ్యి మానేదాకా గుంటలు నేను చూస్తా. కళ్లు కాల్లేదు కదా సావుకారూ" అంది.

మరుసటి ఏడాది ఏదో వంకన చెన్నరాయప్పను తీసేశారు. కాళ్లు పట్టుకుంటే సావుకారు ఉంచుకునేవాడేమో. పట్టుకోలేదు. తన తోలు తొడుగులు కృష్ణప్ప చేతికిచ్చి, గేటు బార్లా తీసిపెట్టి వెళ్లిపోయాడు.