ఎలుకలకు వడ్డించిన నల్లేరు తొక్కు

ఎనుమాముల మార్కెట్ గేటు ముందర జొన్నరొట్టెలమ్మే మొగిలమ్మకు అరవై ఎనిమిదేళ్లు. నోటికి మాత్రం పదహారు. రొట్టెల్లోకి తను నూరే నల్లేరు తొక్కు తిని మోకాళ్ల వాపు దిగిన హమాలీలు మిర్చిబస్తాలు వదిలేసి ఏకంగా లారీనే ఎత్తేశారని, డ్రైవర్ దండం పెడితే పాపమని దించారని చెప్తుంది. నమ్మనివాడికి రెండో రొట్టె దొరకదు.

మనుమరాలు హారిక మాత్రం నమ్మింది. ఫార్మసీ కాలేజీలో ప్రాజెక్టుకు నల్లేరునే ఎంచుకుంది.

"అమ్మమ్మా, ఎలుకల కాళ్లకు వాపు తెప్పిస్తం. నల్లేరు సారం మేతల కలిపి పెట్టి, వాపు ఎంత దిగిందో కొలుస్తం. ఉత్త నల్లేరు పొడి చేసియ్యి. ఇంకేం కలుపకు, నా సదువు దీని మీదున్నది."

"అట్లనే బిడ్డా."

మొగిలమ్మ చేతులకు నూనె రాసుకుని, దురద పెట్టే నారలు తీసి, లేత కణుపులు ఎండబెట్టి దంచింది. చిటికెడు నాలుక మీదేసుకుంది. మొహం ముడుచుకుపోయింది. నలభై ఏళ్ల పేరు! కాలేజీ ఎలుకల ముందు పోగొట్టుకోవాలా? నాలుగు ఎల్లిపాయలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు రోట్లో పడ్డాయి.

వారానికి హారిక ఉరికొచ్చింది.

"వాపు సగం దిగింది!"

"నే చెప్పలే!"

"ఆగు. సారం ఎర్రగున్నది. ల్యాబంత తుమ్ములే. ఏమేసినవ్?"

"జర ఎల్లిపాయ... జీలకర్ర... మిరపకాయలు రెండే!"

"అయ్యో! ఎల్లిపాయ, మిరపకాయ కూడా వాపు తగ్గిస్తయే! దేంతోని తగ్గిందని రాయాలె? సార్ ప్రాజెక్టు కొట్టేస్తడు."

పిల్ల కళ్లల్లో నీళ్లు చూసి మొగిలమ్మ పెనం దించింది. నేరుగా కాలేజీకి పోయి రామలింగం సార్ ముందు నిలబడింది.

"తప్పు నాది సార్. పిల్లకేం తెల్వది. నోరున్న జీవికి చప్పటిది పెట్టుడు నాతోని కాలే."

సార్ నవ్వాపుకోలేక అద్దాలు తుడుచుకున్నాడు. "ఇంకో పది దినాలు ఇస్తున్న. ఒక గుంపుకు ఉత్త నల్లేరు, ఇంకో గుంపుకు మీ మసాలాది. రెండూ కొలవండి."

పది దినాలకు లెక్క తేలింది. ఉత్త నల్లేరుకే వాపు దిగింది. మసాలా కలిపినా అంతే దిగింది. ప్రాజెక్టు గట్టెక్కింది.

"చూసినవా, నీ ఎల్లిపాయతోని రవ్వంత ఫరక్ కూడ రాలే," అంది హారిక.

మొగిలమ్మ ఎత్తిన గడ్డం దించలేదు.

"కాళ్లే కొలిచిండ్రు గదా? ఏ గుంపు గిన్నె నాకిందో కొలిచిండ్రా?"