లైను కలిపి పక్కకు జరిగిన పెద్దమ్మ

మా మేడమీది పెద్దమ్మ పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయింది. నేను గేటు ముందర ముగ్గు వేస్తున్నాను. ఆమె తమ్ముడి భార్య దిగి వచ్చి నా పక్కన నిలబడి, “వదిన లేయలేదు మే” అంది. ఉక్కపోతకు సరిగా నిద్రపట్టి ఉండదులే అనుకొని, చుక్కలు పెడుతూనే, “పండుకోనీ అక్కా, ఏం తొందర” అన్నాను. ఆమె మళ్ళీ అదే మాట, అదే గొంతుతో అంది. అప్పుడు తలెత్తి చూశాను. ముగ్గు సగంలో ఆగిపోయింది. ఆ రోజు దాన్ని ఎవరూ పూర్తి చేయలేదు, చెరపనూ లేదు.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఏది జరిగినా నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోసిన రోజు, పాలాయన రాని రోజు, అన్నీ అందులో ఉంటాయి. ఇట్లాంటి మనిషి పదకొండేళ్ళు మా నెత్తిమీద కాపురముండి వెళ్ళిపోతే, ఆ సంగతి మాత్రం ఎక్కడా లేకుండా వదిలేయడం నాకు మనస్కరించలేదు.

మేము తిరుపతిలో ఆ ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్నాం. ఆమె మాకు చుట్టం కాదు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబంతో పైన ఉండేది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది, మొదట చిత్తూరు, తర్వాత పుత్తూరు, చివర ఈ ఊరు. ట్రంక్ కాల్ అంటే ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. వేరే ఊరికి మాట్లాడాలంటే ముందు ఆపరేటరును పిలిచి నంబరు చెప్పి కాచుకోవాలి. ఆమె ముందున్న బోర్డులో వైరు ఈ రంధ్రంలోనుంచి తీసి ఆ రంధ్రంలో గుచ్చితే, మదనపల్లె మాట మద్రాసుకు చేరుతుంది. ఆ పని ఆమె ముప్పై ఏళ్ళకు పైగా చేసింది.

నంబర్లు ఆమె తలలో అట్లాగే ఉండిపోయాయి. ఒకసారి ఊరికే, “చిత్తూరు బెల్లం మండీలో పెద్ద షావుకారు నంబరెంత పెద్దమ్మా?” అని అడిగాను. వక్క కత్తిరిస్తున్నది కత్తిరిస్తూనే, “రెండు, నాలుగు, ఒకటి” అంది.

“రెండొందల నలభై ఒకటా?”

“అట్ల అనగూడదు మే. లైనులో గరగర ఉంటాది. వందలూ పదులూ దాంట్లో మునిగిపోతాయి. ఒక్కొక్క అంకె చెప్తేనే అవతలికి చేరేది.”

కూరగాయలాయన ఫోను నంబరైనా, బస్సు నంబరైనా ఆమె ఒక్కొక్క అంకెగానే చెప్పేది. మా ఇంట్లో అందరం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఇంకొక అలవాటు మాకు అర్థం కావడానికి నాలుగైదేళ్ళు పట్టింది. నేనూ మా ఆయనా కింద గొంతు పెంచుకున్నప్పుడల్లా, పైన ఖాళీ బకెట్టులో కొళాయి నీళ్ళు ధారగా పడేవి. ఈ పెద్దామెకు వేళాపాళా లేకుండా నీళ్ళెందుకో అని నేను విసుక్కున్న రోజులున్నాయి. తర్వాత ఒకరోజు నేను పైన ఉన్నప్పుడు పక్కింటివాళ్ళు పోట్లాడుకున్నారు. ఆమె నాతో మాట్లాడుతూనే లేచి, బకెట్టు పెట్టి, కొళాయి తిప్పి వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళూ మా మాటలు తన చెవిన పడకుండా ఆమె తన నీళ్ళను అడ్డం పెట్టిందన్నమాట. నాకు సిగ్గేసింది.

ఇక నేను చెప్పవలసిన అసలు సంగతి రెండేళ్ళ కిందటిది. కార్తీక మాసపు వానలు వెలిసిన తర్వాత.

వడమాలపేట దగ్గర ఒక పాఠశాలలో ఆఫీసు పనికి మనిషి కావాలని ప్రకటన చూశాను. దరఖాస్తు కంప్యూటర్లోనే పంపాలి, డిగ్రీ సర్టిఫికెట్ స్కాన్ చేసి జతచేయాలి. ఆఖరు రోజు సాయంత్రం ఐదు గంటలకు గడువు. నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. కారణం ఉంది. అంతకు పదేళ్ళ ముందు ఒక ఉద్యోగానికి పరీక్ష రాసి వచ్చాను, ఆ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత పుత్తూరులో పెళ్ళికి పోతే మా పెద్ద ఆడబిడ్డ పందిట్లో అందరి ముందరా, “రా రా ఆఫీసరమ్మా, ఆకులు లెక్కపెట్టి వెయ్, నీ పద్దు తప్పదు కదా” అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పేరు ఆ ఏడాదంతా ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో నా వెంట వచ్చింది. ఆ తర్వాత నేను ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు. ఈసారి కూడా రాకపోతే, రాలేదన్న సంగతి నాకొక్కదానికే తెలియాలి.

అందుకే వీధి చివర జిరాక్స్ షాపుకు పోలేదు. అది మా మరిది స్నేహితుడిది. ఫోనుతో ఫొటో తీసి పెడితే, సర్టిఫికెట్‌కు ఎప్పుడో ప్లాస్టిక్ తొడిగించి ఉన్నానేమో, ట్యూబులైటు అందులో మెరిసి నా పేరే కనిపించలేదు. వెబ్‌సైట్ రెండుసార్లు తిప్పికొట్టింది. ఇంట్లో పిల్లల చదువులకని కొన్న ప్రింటర్ ఉంది, ప్రింటు, జిరాక్సు, స్కాను మూడూ చేసేది. మధ్యాహ్నం రెండున్నరకు దాని ముందు కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌లో స్కాన్ నొక్కితే, ‘స్కానర్ దొరకలేదు’ అని వస్తోంది. ప్రింటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. కరెంటు వైరు పీకి గుచ్చాను. మూత తెరిచి అద్దం తుడిచాను. చేసిన ప్రతిదీ అలవాటు కొద్దీ పుస్తకంలో రాస్తూ పోయాను. మూడున్నర దాటింది. అప్పటికి దాన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాను.

“ఎవురితో మే పోట్లాట? మీ ఆయన సూళ్లూరుపేట డ్యూటీ నుంచి అప్పుడే వచ్చేసినాడా?”

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, నేను పొద్దున పంపిన గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి.

“ఆయన కాదు పెద్దమ్మా, ఈ డబ్బా. ఐదు లోపల ఒక కాగితం స్కాన్ చేసి పంపాల. స్కానరు పాడైపోయినట్టుంది.”

ఏం కాగితమని ఆమె అడుగుతుందని భయపడ్డాను. ఆమె గిన్నె కింద పెట్టి, కుర్చీ లాక్కొని, కళ్ళజోడు తుడుచుకుంది.

“పాడైందని అప్పుడే అనొద్దు. ఏది బాగుండాదో అది చెప్పు ముందు.”

నేను నా జాబితా చూపించాను. ఆమె మొత్తం చదివింది. పదకొండు వరుసలు.

“బాగా రాసినావు. అయితే ఈ పదకొండూ ప్రింటరుకు చేసిన వైద్యమే. ల్యాప్‌టాప్‌కు ఒక్కటి కూడా లేదే. ఎవురికి జొరమో చూడకుండానే మాత్ర మింగిస్తివి.”

నిజమే. నాకు తట్టనే లేదు.

ఒక పాత పత్రిక కాగితం అద్దం మీద పెట్టి జిరాక్స్ నొక్కమంది. నకలు శుభ్రంగా వచ్చింది. “కన్ను బాగుండాది” అంది. నా ఫోను నుంచి ఏదైనా ప్రింటు ఇవ్వమంది. వచ్చింది. “చెవీ బాగుండాది.” ల్యాప్‌టాప్ నుంచి ప్రింటు ఇవ్వమంది. రాలేదు. నేను అసలు ఆ ప్రయత్నమే చేసి ఉండలేదు.

“చూస్తివా? స్కానరు మీద ఊరికే నింద వేస్తా ఉండావు, పాపం. ఈ రెండింటికీ అసలు మాటలే లేవు. ఇప్పుడు ఎవురు ఎవురిని పిలస్తా ఉండారు?”

“ల్యాప్‌టాపు ప్రింటర్ని.”

“యాడ నిలబడి పిలస్తా ఉండాది?”

“ఈడనే కదా పెద్దమ్మా, మూరెడు దూరం లేదు.”

“దూరం కాదు మే నేనడిగింది. ఏ ఎక్స్ఛేంజి?”

ఆమె వైఫైని ఎక్స్ఛేంజి అనేది. నేను కొంచెం విసుగ్గా, “మన వైఫైయే. నెట్ బాగానే వస్తా ఉంది చూడు” అన్నాను.

“నెట్ వస్తే నీదేనా? పేరు చదువు. అంకెలు ఒక్కొక్కటి.”

చదివాను. పేరు తర్వాత అంకెలు, “నాలుగు, సున్నా, ఏడు, ఏడు.” ప్రింటర్ మీద చిన్న తెరలో ఉన్నది చదవమంది. “నాలుగు, సున్నా, ఏడు...” అని ఆగిపోయాను. “ఒకటి.”

“ఆఖరు ఏడు మాది మే. నీది ఆఖరు ఒకటి.”

వానల్లో మా నెట్ నాలుగు రోజులు పోయినప్పుడు, పిల్లల పరీక్షలని ఆమే తన పాస్‌వర్డ్ ఇచ్చింది. మా నెట్ తిరిగి వచ్చింది గాని, ల్యాప్‌టాప్ మాత్రం పై ఇంటి లైను వదలలేదు. రెండు ఇళ్ళకూ ఒకే కంపెనీ ఒకే రోజు డబ్బాలు బిగించింది, పేరు ఒకటే, చివరి అంకె ఒక్కటే తేడా. ఇన్ని వారాలుగా ఆ పేరు నా కళ్ళ ముందరే ఉంది. నేను దాన్ని మొత్తంగా చూశాను, అంకె అంకెగా చూడలేదు. ల్యాప్‌టాప్ మేడమీద నిలబడి, కిందింటి ప్రింటర్‌ను తన వీధిలో వెతుక్కుంటోంది.

పెద్దమ్మకు ల్యాప్‌టాప్ తెరవడం కూడా రాదు. ఒక్క బటన్ ముట్టుకోలేదు. నాలుగు ప్రశ్నలు అడిగింది, అంతే. తలలో ఎంత శుభ్రంగా ఊడ్చి పెట్టుకుంటే ఒక మనిషికి అట్లాంటి ప్రశ్నలు వస్తాయి!

మా వైఫైకి మార్చాను. క్షణంలో తెరమీద స్కానర్ పేరు వచ్చి కూర్చుంది. నేను బీరువా వైపు లేవబోతే, “అసలు కాగితం అప్పుడే పెట్టొద్దు. లైను చూసుకోవాల ముందు” అని, మూత ఎత్తి, తన అరచేయి అద్దం మీద పెట్టింది. నేను స్కాన్ నొక్కాను. వేళ్ళ సందుల్లోంచి తెల్లటి వెలుగు మెల్లగా జరుగుతూ పోయింది. తెరమీద ఆమె చెయ్యి పైనుంచి కిందికి వచ్చింది, ముందు వేళ్ళ కొసలు, తర్వాత గీతలు, తర్వాత మణికట్టు మీద అరిగిన రాగి కడియం. వైర్లు పట్టీ పట్టీ నొక్కుకుపోయిన బొటనవేలు నేను అన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. ఆమె ముందుకు వంగి, చాలాసేపు చూసింది.

“నా చెయ్యేనా మే ఇది? మా అమ్మ చెయ్యి మాదిరుండాది.”

అప్పుడు నాలుగుంపావు. నేను సర్టిఫికెట్ తెచ్చాను, తెలియకుండానే గుండెకు హత్తుకొని, రాత కనిపించకుండా. ఆమె లేచింది.

“కూర్చో పెద్దమ్మా, కాఫీ పెడతాను.”

“లైను కలిసింది కదా. ఇంక నాకేం పని?”

మాట వరుసకు అన్నదనుకున్నాను. తర్వాతెప్పుడో తన ఉద్యోగం గురించి చెబుతూ అంది: కలిపినాక రెండు గొంతులూ వినపడితే చాలు, మాటలు వినగూడదు. పెళ్ళిళ్ళు కుదిరినవీ, చావు కబుర్లూ, కోర్టు గొడవలూ అన్నీ ఆమె చేతిమీదుగా పోయాయి. చెవికి తగిలించుకున్నది తీసేసి, ఆ లైను మీద దీపం ఒక్కటే చూస్తూ కూర్చునేదట. దీపం ఆరితే మాట అయిపోయిందని తెలుసు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. “నేను కలిపిన పెండ్లిండ్లు ఎన్నో నాకే తెల్దు మే” అని నవ్వింది.

ఇక్కడే తర్వాతి సంగతి కూడా చెప్పేస్తాను. నాకు ఆ పని వచ్చింది. ఇప్పుడూ అదే చేస్తున్నాను, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాల బస్సుకు పోతాను. ఉత్తర్వు వచ్చిన రోజు మొదట మా ఆయనకు చెప్పి, తర్వాత మైసూరుపాకు తీసుకొని పైకి వెళ్ళాను. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకొని, “ఆ పొద్దు పోయిన కాగితం చేరిందన్న మాట” అంది. అన్నాళ్ళూ అది ఏం కాగితమని ఒక్కసారి కూడా అడగలేదు. మా ఆడబిడ్డ ఇప్పుడు కూడా నన్ను ఆఫీసరమ్మా అనే పిలుస్తుంది. ఇప్పుడు నేను పలుకుతాను.

ఆ మధ్యాహ్నం మాత్రం నాకు ఇవేమీ తెలియదు. సర్టిఫికెట్ బోర్లా పెట్టి, మూత వేసి, స్కాన్ నొక్కాను. పేరు స్పష్టంగా వచ్చింది. జతచేశాను. వెబ్‌సైట్ ఆలోచిస్తూ గుండ్రంగా తిరుగుతోంది. మళ్ళీ తెగిపోతే ఎట్లా, ఆమెను పిలవాలా అని కిటికీలోంచి బయటికి చూశాను.

పెద్దమ్మ పైకి పోలేదు. మేడమెట్లలో సగం దాకా ఎక్కి అక్కడే కూర్చొని ఉంది, పిలిస్తే వినపడేంత దూరంలో. మా కిటికీకి వీపు పెట్టి, వీధివైపు మొహం తిప్పుకొని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని. ఎండ గోడ మీదనుంచి దిగి ఆమె భుజం మీద పడింది. ఆమె కదలలేదు, ఒక్కసారీ వెనక్కి చూడలేదు.